విశాఖలో ఒక చామరం మరమ్మతు

విశాఖపట్నం వెళ్ళేవాళ్ళు సముద్రం చూడ్డానికో, రేవులో పని వెతుక్కోవడానికో, సింహాచలం మొక్కు తీర్చుకోవడానికో వెళతారు. నేను పుష్యమాసపు చలిలో ఒక విసనకర్ర బాగుచేయించడానికి వెళ్ళాను. ఊరవతల ఉక్కు కర్మాగారం కడుతున్న రోజులవి. ఊరంతా లారీలు, దుమ్ము.

విసనకర్ర అని తేలిగ్గా అన్నాను గానీ దాని పేరు చామరం. మాఘమాసంలో మా ఊరి స్వామికి కల్యాణం చేసేటప్పుడు విగ్రహాలకు రెండు పక్కలా ఇద్దరు నిలబడి చామరాలు వీస్తారు. ఎడమ పక్కది ఆలయానిది. కుడి పక్కది మాది. మా భూములు నాన్నగారి హయాంలోనే పోయాయి. మేడ ఇప్పుడు ఎరువుల గోదాము. నేను పుట్టిన గదిలో యూరియా బస్తాలున్నాయి. ఒకప్పుడు మా తాతగారు భోజనానికి కూర్చుంటే విసరడానికి ఇద్దరు మనుషులు నిలబడేవారట. ఇవన్నీ పోయాయి. చామరం పిడికున్న వెండి తొడుగు కూడా పోయి, లోపలి కొమ్ము పిడి బయటపడింది. అయినా కుడి పక్కన నిలబడే హక్కు మాత్రం మాకే ఉండిపోయింది.

ఈ ఏడు పెట్టె తెరిచి చూస్తే తోక వెంట్రుకల కుచ్చును పురుగు తినేసింది. చేత్తో ఎత్తగానే వెంట్రుకలు పొట్టులా రాలాయి. పిడి నిలువునా చీలింది. ఆలయ పెద్దలు మర్యాదగానే చెప్పారు. "కల్యాణం నాటికి మీది సిద్ధమైతే సంతోషం. లేకపోతే రైస్ మిల్లు శేషయ్య కాశీ నుంచి కొత్తది తెప్పించాడు. కుడి పక్కకి అది వాడదాం. సేవ ఆగకూడదు కదా." ఒక్కసారి శేషయ్య చామరం ఆ పక్కకి వస్తే మళ్ళీ ఏడు నన్ను పిలవరు. ఆ సంగతి వాళ్ళకీ తెలుసు, నాకూ తెలుసు.

కొమ్ము పని చేసేవాళ్ళు విశాఖలో ఉన్నారని మా మేనమామ కొడుకు జగన్నాథం కబురు చేశాడు. చామరాన్ని పాత పట్టుపంచెలో చుట్టుకుని బయలుదేరాను.

ప్యాసింజరు బండి

ఆ బండి ప్రతి స్టేషన్లోనూ ఆగింది. స్టేషన్లు లేనిచోట కూడా ఆగింది. తునిలో టీ దుకాణం మనిషి అంచులు కాలిన తాటాకు విసనకర్రతో బొగ్గుల పొయ్యి విసురుతూ ఇంకో చేత్తో చిల్లర తీసుకుంటున్నాడు. ఆ చలిలో నాకు కనిపించిన మొదటి విసనకర్ర అదే. అక్కడ ఎక్కిన ఒక పెద్దమనిషి నా ఎదురుగా కూర్చుని ఒళ్ళోని మూటను చాలాసేపు చూశాడు.

"ఏటి బాబూ అది, తుపాకీయేటి?"

"కాదు."

"గొడుగా?"

"కాదు. చామరం."

"అంటే?"

"దేవుడికి వీచేది."

"ఓర్నాయనో! ఇంత సలిలోన దేవుడికి ఇసురుతారా? జొరం ఒచ్చీదేటి ఆయనకి?"

పెట్టెలో అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. ఆయన నొచ్చుకుని అనకాపల్లిలో దిగేముందు సంచిలోంచి బెల్లం ముక్క తీసి ఇచ్చాడు. తీసుకోకపోతే బాగుండదని తీసుకున్నాను. మంచి బెల్లమే. నడుం పట్టేసింది గానీ బల్లకి ఆనుకోలేదు. మూట ఒళ్ళో ఉండగా ఆనుకుని కూర్చోవడం నాకు చేతకాదు.

రేవు క్వార్టర్లు

విశాఖ చూడనివాళ్ళకి ఒక మాట చెప్పాలి. రేవు దగ్గర ఇళ్ళల్లో తెల్లబట్ట తెల్లగా ఉండదు. ఓడల్లోకి ఇనుప ఖనిజం ఎత్తేటప్పుడు లేచే ఎర్రదుమ్ము గాలిలో వచ్చి మంచాల మీద, అన్నం మూత మీద, దేవుడి పటాల మీద పడుతుంది. జగన్నాథం భార్య సత్యవతి రోజుకు రెండుసార్లు ఇల్లు తుడుస్తుంది. మూడోసారి తుడవాలనిపిస్తే ఏడుపొస్తుందట. ఆమె పుట్టిల్లు తగరపువలస.

"రండన్నయ్యగారూ, ముందు కాళ్ళు కడుక్కోండి. ఆ మూట ఇలా ఇవ్వండి, బీరువా మీద ఎడతాను."

"వద్దమ్మా, నా దగ్గరే ఉంటుంది."

"ఓలమ్మ, దాన్నేటి నాను తినేత్తానా!"

జగన్నాథం వెనకనుంచి నవ్వాడు. వాడు నాకన్నా చిన్నవాడు. రేవులోకి వచ్చిన ఓడల్ని తాళ్ళతో ఒడ్డుకి కట్టే జట్టుకు మేస్త్రీ. ఈ ఊరొచ్చి ఇరవై ఏళ్ళయింది. గోదావరి మాట పోయి పెళ్ళాం మాట వచ్చేసింది.

"బావా, నువ్వు నిలబడే తీరు సూత్తంటే ఇప్పుడు కూడా ఎవడో ఒచ్చి దండం ఎడతాడేమో అనుకుంటన్నావులా ఉన్నాది" అన్నాడు.

వాళ్ళ గోడకి ఒక మడత విసనకర్ర మేకుకి వేలాడుతోంది. కాగితం మీద నీలిరంగు అలలు, వెదురు పుల్లలు. ఖనిజం తీసుకెళ్ళడానికి వచ్చిన జపాను ఓడ నావికుడు ఒకడు జగన్నాథానికి ఇచ్చాడట. ఆ నావికుడు దాన్ని చటుక్కున విప్పి, గుండె దగ్గర చిన్నగా నాలుగుసార్లు ఊపుకుని, మడిచి నడుం పట్టీలో దోపుకునేవాడట. "ఎవడిది వాడే ఇసురుకుంతాడు బావా. పక్కోడికి ఇసరడం నాను సూల్లేదు" అన్నాడు. మా ఇంట్లో ఎవరూ తమకి తాము విసురుకునేవారు కాదు. ఎవరో ఒకరు విసిరేవారు. విసిరేవాళ్ళు లేకుండా పోయాక మేము చెమటతోనే కూర్చున్నాం.

సత్యవతి ఆ జపాను విసనకర్రతో బల్ల మీది ఎర్రదుమ్ము దులిపి నాకు కంచం పెట్టింది. కొమ్ముశనగల కూర, ఎండుచేపల పులుసు. పులుసు నేను తినలేదు. కూర మళ్ళీ వేయించుకున్నాను.

వన్‌టౌన్‌లో కొమ్ము పని

కరీం సాహెబు కొట్టు పాత ఊళ్ళో ఒక సందు చివర ఉంది. గేదె కొమ్ముతో దువ్వెనలు, చేతికర్రల పిడులు చేస్తాడు. కొమ్మును నిప్పుల మీద వేడిచేసి సాగదీస్తారు. అప్పుడు జుట్టు కాలిన వాసన వస్తుంది. ఆ వాసన నా చొక్కాకి రెండురోజులు పట్టి ఉంది.

మూట విప్పాను. "ఇది మా ముత్తాతగారి నాటిది" అన్నాను.

"ఈ కొట్టుకొచ్చేవన్నీ ముత్తాతలవే సాబ్" అన్నాడు కరీం సాహెబు కళ్ళద్దాలు పైకి తోసుకుంటూ. "మొన్న ఒకాయన ముత్తాత చేతికర్ర తెచ్చినాడు. దానిమీద నా ముద్రే ఉంది."

నా వెంట వచ్చిన జగన్నాథం పగలబడి నవ్వాడు.

కొట్టులో గోడకి నెమలి ఈకల కట్ట ఒకటి ఆనించి ఉంది. పిడి వేయించడానికి దర్గా వాళ్ళు ఇచ్చారట. దర్గాలో దాన్ని సమాధి మీద వీచి, వచ్చినవాళ్ళ తల మీద, భుజం మీద ఆనిస్తారని, ఆ తాకిడి కోసమే జనం వంగుతారని చెప్పాడు. మా దగ్గర అలా కాదు. చామరం కొస స్వామికి గానీ ఆయన దండకి గానీ తగిలితే మహాపరాధం.

పిడిని అటూ ఇటూ తిప్పి చూసి, చీలిక అతికి ఇత్తడి పట్టీ వేస్తానన్నాడు. "కుచ్చు ఎలా కావాలి సాబ్?"

"తెల్లగా ఉండాలి. మెరవాలి. మళ్ళీ పురుగు పట్టకూడదు."

"అది సరే గానీ, వెంట్రుక దొరకడం అంటే…"

"అది నీ పని" అన్నాను. పనివాడికి పని చెప్పాక బేరసారాల్లోకి, వివరాల్లోకి దిగడం మా ఇంటి అలవాటు కాదు. అతను నన్నొకసారి, జగన్నాథాన్నొకసారి చూసి సలాం చేశాడు. శుక్రవారం దాటాక రమ్మన్నాడు.

సింహాచలం

ఖాళీగా కూర్చోలేక మర్నాడు సింహాచలం వెళ్ళాను. మా తాతగారు వస్తే గుడివాళ్ళు ఎదురొచ్చి తీసుకెళ్ళేవారని మా నాయనమ్మ చెప్పేది. నేను వరుసలో నిలబడ్డాను. రేకుల కింద జనం ఒకరి వీపుకొకరు ఆనుకుని ఉన్నారు. బయట చలి, లోపల ఉక్క. నా వెనకనున్నవాడి కొబ్బరికాయ నా నడుంలో గుచ్చుకుంటూనే ఉంది.

కటకటాల అవతల ఒక ముసలామె తాటాకు విసనకర్రతో వరుస పొడుగునా నడుస్తూ అందరికీ విసురుతోంది. నా దగ్గరకొచ్చి ఆగింది. చల్లగాలి ముఖానికి తగిలింది.

"నాకక్కర్లేదమ్మా."

"నీకక్కర్లేదు గానీ నాకు కావాలి బాబూ. మనవడికి జొరం తగ్గితే వరసలో ఉన్నోళ్ళందరికీ ఇసురుతానని మొక్కీసినాను. నువ్వొద్దంటే నా మొక్కు అరకొరగా ఉండిపోదేటి?"

"మరి స్వామికే విసరరాదా?"

"అయ్యో, నన్ను అంతదాకా రానిత్తారేటి! అందుకే ఆయన కోసం ఒచ్చినోళ్ళకి ఇసురుతన్నాను. అలా కర్రలా నిలబడకు బాబూ, కూసింత మెడ ఒంచు. వీపుకి కూడా తగలాలి."

మెడ వంచాను. గాలి వీపుకి తగిలింది. ఇది తగరపువలస సంతలో కొన్న విసనకర్రని, అర్ధరూపాయి అని, ఇంకా చవగ్గా ఇమ్మంటే అమ్మేవాడు తిట్టాడని చెబుతూ ఆమె ముందుకి వెళ్ళిపోయింది.

మళ్ళీ వన్‌టౌన్

శనివారం జగన్నాథమూ నేనూ కొట్టుకి వెళ్ళేసరికి కరీం సాహెబు మాకోసమే ఎదురుచూస్తున్నాడు. తెల్లటి గుడ్డ తీసి చామరం పైకెత్తాడు. పిడి అద్దంలా ఉంది. ఇత్తడి పట్టీ కింద చీలిక ఎక్కడో వెతికినా కనబడలేదు. కుచ్చు సందులోని వెలుతురంతా తనమీదే పడ్డట్టు మెరుస్తోంది.

"తెల్లగా" అన్నాడు. "మెరుస్తా ఉంది. ఇక పురుగంటారా, దీన్ని తినాలంటే దాని పళ్ళు రాలిపోవాల."

చేతిలోకి తీసుకున్నాను. ఊపితే మెత్తగా వంగలేదు. చిన్నగా చప్పుడు చేసింది. వేళ్ళ మధ్య జారిపోతోంది.

"ఇది ఏ జంతువు తోక?"

"తోక కాదు సాబ్, తాడు. జహాజు కట్టే నైలాను తాడు. పాతదైతే రేవు దగ్గర అమ్ముతారు. నా బీబీ, కోడలు కూర్చుని పోగుపోగూ విప్పినారు. మా దువ్వెన్లతోనే దువ్వినారు."

నా గొంతు సందంతా వినబడేటట్టు లేచింది. "స్వామి ముందు వీచేదానికి తాడు కట్టావా?"

కరీం సాహెబు ముఖం ఎర్రబడింది. "మీరు మూడు మాటలు చెప్పినారు. మూడూ చేసినా. తోక కావాలని మీరు చెప్పలేదు. నేను అడగబోతే 'అది నీ పని' అన్నారు."

జగన్నాథం నవ్వు ఆపుకోలేక సందులోకి వెళ్ళిపోయాడు. వాడు కట్టే ఓడల తాడే అది.

కోపం దిగాక, ఇప్పుడు తోక ఎక్కడ దొరుకుతుందని అడిగాను. దొరక్కే తాడు వాడానన్నాడు. చలికాలంలో స్వెట్టర్లు అమ్మడానికి వచ్చే టిబెట్టు వాళ్ళనడిగి చూడమన్నాడు. వాళ్ళ దేశంలో జడల బర్రెలుంటాయి కదా అన్నాడు. కుచ్చుకి కూలి వద్దన్నాడు. నేనిచ్చాను. పని చేయించుకుని కూలి ఎగ్గొట్టినవాళ్ళు మా ఇంట్లో లేరు.

స్వెట్టర్ల దుకాణం

విశాఖలో స్వెట్టరు వేసుకునేంత చలి ఉండదు. అయినా రోడ్డు పక్క తాళ్ళ మీద వరుసగా స్వెట్టర్లు వేలాడుతున్నాయి, జనం కొంటున్నారు. ఆ వరుసలో ఒక దుకాణం డోల్మా అనే నడివయసు స్త్రీది. చాలా ఏళ్ళుగా చలికాలం ఇక్కడికే వస్తోంది. అంగడి తెలుగు బాగానే పట్టుబడింది.

ఆమె స్వెట్టర్ల మీది దుమ్ము దులపడం చూసి నేను అక్కడే ఆగిపోయాను. చేతిలో ఉన్నది జడల బర్రె తోక. మూరెడు పైగా పొడుగు. ఒకప్పుడు ఎర్రరంగు వేసినట్టుంది, మొదలు దగ్గర ఇంకా గులాబి చాయ ఉంది. మిగతాదంతా తెల్లగా వెలిసిపోయింది. ఊపినప్పుడల్లా నీళ్ళలా వంగి లేస్తోంది.

"అది ఎంత?" అన్నాడు జగన్నాథం.

"ఏది, ఈ నీలమా? మీకు బిగుతు సాబ్, పొట్ట ఉంది."

"స్వెట్టరు కాదమ్మా, ఆ తోక."

"ఇది అమ్మేది కాదు."

"అమ్మందేటి ఉన్నాది ఈ రోడ్డు మీద! రేటు సెప్పు. రెండు స్వెట్టర్ల రేటిత్తాను. మూడు."

ఆమె నావైపు చూసింది. "నీకెందుకు?"

ఇలాంటి ప్రశ్నకి జవాబు చెప్పి నాకలవాటు లేదు. అయినా చెప్పాను. కల్యాణం, కుడి పక్క, పురుగు, నైలాను, శేషయ్య, అన్నీ. రోడ్డు పక్కన నిలబడి ఒక స్వెట్టర్ల మనిషికి మా ఇంటి సంగతి అంతా చెప్పాను. చివర్లో, "ఇస్తే మేలు చేసినదానివవుతావు" అని కూడా అన్నాను. అలా ఎవరినైనా అడగడం నాకు గుర్తు లేదు.

"చలికాలంలో దేవుడికి గాలా?" అని ఆమె నవ్వింది. "మా ఊళ్ళో ఎవరూ ఎవరికీ విసరరు. గాలి దానంతటదే వస్తుంది, మనుషుల్ని కోస్తుంది. దీంతో విసరొచ్చని ఈ దేశం వచ్చాకే చూశాను." తోకని ఒళ్ళో పెట్టుకుంది. "ఇది మా నాన్న గుర్రం మెడకి కట్టేవాళ్ళు. పండగలకి. నాన్న గుర్రం ఎక్కితే ఊరివాళ్ళు పక్కకి తప్పుకునేవాళ్ళు. మేము దేశం దాటి వచ్చేటప్పుడు పైన మంచులో గుర్రం పడిపోయింది. నాన్న దీన్ని విప్పి నా మెడకి కట్టి, నువ్వు నడువు అన్నాడు."

జగన్నాథం గొంతు తగ్గించి, "నాలుగు స్వెట్టర్ల రేటు" అన్నాడు.

"జగన్నాథం, పద" అన్నాను.

ఆమె లేచి నిలబడి తోకతో మళ్ళీ దుమ్ము దులపడం మొదలుపెట్టింది. వీపు నిటారుగా ఉంది.

తిరుగు ప్రయాణం

స్టేషన్లో జగన్నాథం ఒకటే పోరు పెట్టాడు. "ఎవుడు సూడొచ్చాడు బావా? దూరం నుంచి తోకో తాడో ఎవుడికి తెలుస్తాది? దేవుడేటి ముట్టుకుని సూత్తాడా? నిలబడి ఊపీసి రా. కాదంటే ఇన్నాళ్ళ హక్కు ఆ మిల్లోడి పాలౌద్ది."

సత్యవతి దారికని కట్టిన పులిహోర పొట్లం అందిస్తూ, "అన్నయ్యగారి ముఖం సూడండి. అలా సేసే ముఖమేటి అది?" అంది.

రాత్రంతా చామరం ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. వాడి మాట మనసులో తిరుగుతూనే ఉంది. నిజంగానే ఎవరికీ తెలియదు. కరీం సాహెబు ఇంటి ఆడవాళ్ళ పని అంత చక్కగా ఉంది. కానీ స్వామి ఎదుట తాడు పట్టుకుని ఇది తోక అని నిలబడితే నా వెన్ను నిటారుగా ఉండదని నాకు తెలుసు. అదొక్కటే నాకు మిగిలింది. అది భక్తి అని నేను చెప్పుకోను.

కల్యాణం

ఆలయ మంటపంలో పెద్దల ముందు చామరం పెట్టి, "పిడి మాది. కుచ్చు ఓడ తాడు" అన్నాను. వాళ్ళు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. ఒకరిద్దరు ముట్టుకుని చూశారు, బాగుందన్నారు. అర్చకులు తల అడ్డంగా ఊపారు. శేషయ్య చామరం తెప్పించారు. కొత్త వెండి పిడి, మంచి కుచ్చు. నేను పక్కకి జరిగాను.

ముహూర్తం దగ్గర పడుతుండగా చిక్కొచ్చింది. చామరం వీచడం చూసినంత తేలిక కాదు. రెండు పక్కల చామరాలూ ఒకటి లేస్తుంటే ఒకటి వాలాలి. మణికట్టు తప్ప మోచెయ్యి కదలకూడదు. తలంబ్రాలు పూర్తయ్యేదాకా చెయ్యి మార్చకూడదు. శేషయ్య రెండుసార్లు ఊపేసరికి కుచ్చు వెళ్ళి స్వామి దండకి తగిలింది. అర్చకులు "హరి హరి" అంటూ పట్టుకున్నారు. శేషయ్య చామరం కిందికి దించి నా దగ్గరకొచ్చాడు. మంచివాడే. చెమటలు పడుతున్నాయి.

"బాబుగారూ, తమరు పట్టండి. సేవ మా పేరున జరుగుతుంది గానీ, చెయ్యి తమరిది. ఇంకెవరికీ రాదు."

మంటపంలో అందరూ నన్నే చూస్తున్నారు. తప్పెటలు ఆగాయి. కుడి పక్క ఖాళీగా ఉంది. ఇంకొకరి సొత్తు పట్టుకుని, ఇంకొకరి పేరున నిలబడేవాళ్ళని మా ఇంట్లో ఏమనేవారో నాకు తెలుసు. మా తాతగారి వెనక నిలబడ్డ ఆ ఇద్దరి పేర్లేమిటో మాత్రం నాకు తెలియదు.

ఉత్తరీయం నడుముకి బిగించి వెళ్ళి నిలబడ్డాను. అర్చకులు సంకల్పం చెప్పారు. శేషయ్య గోత్రం, శేషయ్య పేరు, ఆయన కొడుకుల పేర్లు. అన్నీ విన్నాను. ఎడమ పక్క చామరం వాలింది. నా చేతిలోది ఎత్తాను. కొత్త వెండి, మాదానికన్నా బాగా బరువు. తలంబ్రాలు మొదలయ్యేసరికే భుజం లాగేసింది. ఎవరో మెల్లగా, "అలసిపోతే చెయ్యి మార్చండి బాబుగారూ, ఇప్పుడెవరు చూస్తారు" అన్నారు.

నేను మార్చలేదు.